మూత తీసి చూసే మనిషి

మా వియ్యంకుడు పోయాడని పెరటి గోడ అవతల నుంచి మా కోడలు కేకేసినప్పుడు నేను నమ్మలేదు. పొద్దున్నే తండ్రికి టీ ఇచ్చి వద్దామని వెళ్లిన పిల్ల "మావయ్యా, జల్దీ రండి, నాన్న లేవట్లేదు" అంది. వెళ్లి చూశాను. వరండాలో తన ఇనుప కుర్చీలో కూర్చునే ఉన్నాడు. తల ఒక పక్కకి వాలింది. చెయ్యి పట్టుకుంటే చల్లగా ఉంది. అప్పుడు నేను చేసిన పనికి మా కోడలు ఏడుపు ఆపి నా వైపు చూసింది. కుర్చీ పక్కనున్న నీళ్ల గ్లాసు తీసి వాసన చూశాను. కిటికీలో ఉన్న మందుల డబ్బా మూత తీసి లోపలికి చూశాను. డాక్టరు వచ్చి గుండె ఆగిందని చెప్పేదాకా నాకు కుదురు లేదు. నా స్థానంలో ఆయన ఉన్నా అదే చేసేవాడు. ఈ జబ్బు నాకు ఆయన దగ్గరే అంటింది.

మన తెలుగువాళ్ల పత్రికలో ఆయన గురించి చదువుకున్నవాడెవడైనా రాస్తే, అందరినీ నమ్మిన మంచి మనిషి అని రాసి పారేస్తాడు. ఆయన ఎవరినీ నమ్మలేదు. ఈ హిందీవాళ్ల ఊళ్లో, మా ఖుర్సీపార్‌లో అంత అనుమానపు మనిషి ఇంకొకడు పుట్టలేదు. నేను అక్షరాలు కూడబలుక్కుని రాసేవాణ్ణి. అయినా సరే, ఉన్నది ఉన్నట్టు రాయాలంటే నేనే రాయాలి.

ఆయనది ఇక్కడి ఉక్కు ప్లాంటు గేటు దగ్గర కాపలా ఉద్యోగం. డ్యూటీ దిగి బయటికి వచ్చేవాళ్ల సంచులు, టిఫిన్ డబ్బాలు తెరిచి చూసేవాడు. నేను లోపల ఖలాసీని, బరువులు ఎత్తించే పని. ఇద్దరం మొదట కలిసింది ఆ గేటు దగ్గరే.

"మూత తియ్యి" అన్నాడు.

"ఖాళీ డబ్బా" అన్నాను.

"ఖాళీ అయితే తియ్యడానికేటి బాధ?"

తీశాను. వంగి వాసన చూశాడు. "నెత్తళ్ల సేపలా? ఏ ఊరేటి?"

"సికాకుళం పక్క."

"నాదీ అటే" అన్నాడు. సొంత ఊరివాడు కదా, ఇక వదిలేస్తాడనుకున్నాను. చేతులు పైకెత్తించి, జేబులు తడిమి, నడుం చుట్టూ తడిమి, అప్పుడు "చల్, ఆగే" అని ముందుకు పంపాడు.

నాకు ఒళ్లు మండిపోయింది. ఆ ప్లాంటులో ఒక్క మేకు ముట్టుకున్నవాణ్ణి కాదు. మర్నాడు వేరే లైను ఖాళీగా ఉన్నా పనిగట్టుకుని ఆయన లైన్లోనే నిలబడ్డాను. తడుముకో, ఏం దొరుకుతుందో చూద్దాం అని. ఆ తర్వాత రోజూ అంతే. ఆయన ఎప్పుడూ సగం తనిఖీ చేసి వదల్లేదు. నేనూ ఎప్పుడూ లైను మారలేదు. స్నేహం అంటే మాకు అలా మొదలైంది.

ఒకసారి అడిగేశాను, ఇన్నాళ్లయింది కదా, ఇంకా నన్ను దొంగనే అనుకుంటున్నావా అని. "దొంగని పట్టుకోడానికే అనుకున్నావేటి? మంచోడు మంచోడని తేలాలన్నా మూత తియ్యాల్సిందే" అన్నాడు. ఆ మాట నాకు నచ్చలేదు. కానీ మరిచిపోలేదు.

రిటైరయ్యాక క్వార్టర్లు ఖాళీ చేసి ఇద్దరం ఖుర్సీపార్‌లోనే చిన్న ఇళ్లు కట్టుకున్నాం. మా పెరటి గోడ, వాళ్ల పెరటి గోడ ఒకటే. ఆయన కూతుర్ని మా వాడికి చేసుకుందామనుకున్నప్పుడు సంబంధం మాట్లాడటానికి వచ్చి, పీట మీద కూర్చోకుండా తిన్నగా వంటింట్లోకి వెళ్లాడు. బియ్యం డ్రమ్ము మూత తీశాడు. పప్పు డబ్బా తీశాడు. మా ఆవిడ గుడ్లప్పగించి చూస్తుంటే "నా పిల్ల ఇక్కడ ఏటి తింతాదో సూడాలి కదా సెల్లీ" అన్నాడు. చూసి, తృప్తిపడి, అప్పుడు కూర్చున్నాడు.

వియ్యంకులం అయ్యాక బావా అంటే బావా అనుకునేవాళ్లం. నువ్వు అంటే నువ్వు. ఆయన నోట 'బావగారూ, మీరు' అని వచ్చిందంటే మాత్రం ఎక్కడో అనుమానం మొదలైందని అర్థం.

ఇక్కడ కొత్త రాష్ట్రం వచ్చిన రోజుల్లో ఆఫీసుల మీద, బళ్ల మీద పేర్లు మారుతుంటే పవర్ హౌస్ బస్టాండులో నిలబడి ఆ రంగులన్నీ అనుమానంగా చూసేవాడు. "లోపల సామాను అదే కాదేటి బావా, మూత ఒకటే కొత్తది" అనేవాడు. పాలవాడి క్యాన్లో వేలు ముంచేవాడు. పెళ్లికి పిలిస్తే భోజనం ముందు ముద్దని ముక్కు దగ్గర పెట్టుకునేవాడు. ఆయన భార్య, మా వదినగారు, బతికున్నంతకాలం ఆమె చేతి వంట కూడా అంతే. ఆమె "విషం పెట్టలేదులే, తిను" అనేది రోజూ. ఆయన రోజూ వాసన చూసే తినేవాడు.

ఆమె పోయాక ఒక పసుపురంగు గండుపిల్లి ఆయన ఇంటికి చేరింది. దాన్ని కూడా మొదట నమ్మలేదు. చేప ముక్క గిన్నెలో వేసి, మూత పెట్టకుండా వదిలి, తను తలుపు చాటున నిలబడ్డాడు. పిల్లి గిన్నె పక్కన కూర్చుని ఆయన వచ్చేదాకా ముట్టుకోలేదు. దానికి హవల్దారు అని పేరు పెట్టాడు. ఆ తర్వాత మాట్లాడితే హవల్దారు, కూర్చుంటే హవల్దారు. పొద్దుటి పూట ఆయన ఒళ్లో, మధ్యాహ్నం గోడ దూకి మా వంటింటి గుమ్మంలో, సాయంత్రం మళ్లీ ఆయన కుర్చీ కింద. భార్య పోయిన ఇంట్లో ఆయన మాట్లాడటానికి ఉన్నది ఆ పిల్లి ఒక్కటే. అది నేను కళ్లారా చూశాను కాబట్టి చెబుతున్నాను.

ఒకరోజు హవల్దారు మా పెరట్లోంచి కుంటుకుంటూ ఆయన ఇంటికి వెళ్లింది. ఏ పిల్లితోనో కొట్లాడి ఉంటుంది. తినలేదు, చెవులు వేడిగా ఉన్నాయి. మధ్యాహ్నానికి ముఖం వాచింది. నోట్లోంచి చొంగ, గస. ఆయనకు ఇక సందేహం లేదు. ఎవరో విషం పెట్టారు.

మొదట వెళ్లింది పక్క సందులో పావురాలు పెంచే భయ్యా ఇంటికి. హవల్దారు ఒకసారి ఆ పావురాల్లో ఒకదాన్ని నోట కరిచి తెచ్చింది, అప్పుడు అతను 'ఏక్ దిన్ ఇసే దేఖ్ లూంగా', ఒకరోజు దీని సంగతి చూస్తా, అన్నాడు. అతను పిల్లల మీద ఒట్టేశాడు. పావురాల గింజల డబ్బా కూడా తీసి చూపించాడు. ఆ డబ్బాలో గింజలే ఉన్నాయి. అప్పుడు మా ఇంటికి వచ్చాడు. గోడ మీంచి రాలేదు. వీధి చుట్టూ తిరిగి ముందు గుమ్మంలోంచి వచ్చాడు.

"బావగారూ, మీ ఇల్లు ఒకసారి సూడాల" అన్నాడు.

"సూడు" అన్నాను. "మూతలన్నీ తీసుకుని సూడు. దొరికితే సెప్పు, దొరక్కపోతే నీ సంగతి నాను సెప్తాను."

చూశాడు. అబ్బ, ఆ చూడడం ఏం చెప్పను. స్నానాల గదిలో ఫినాయిల్ సీసా బిరడా తీసి వాసన చూశాడు. కిరసనాయిలు డబ్బా కదిపి చూశాడు. ట్రంకు పెట్టె తెరిచి చీరల మధ్య నుంచి కలరా ఉండలు తీసి లెక్కపెట్టుకున్నాడు. చీమల పొడి, దోమల చుట్ట, మా ఆవిడ మోకాళ్లకి రాసుకునే బామ్, నిన్నటి ఉల్లిపాయల కూర, అన్నీ. చివరికి బియ్యం డ్రమ్ము వెనక చెయ్యి పెట్టి ఒక ఎలకల మందు బిళ్ల తీశాడు. దాని ఒక అంచు కొరికి ఉంది.

ఆయన ఆ బిళ్లని అరచేతిలో పెట్టుకుని చూస్తున్నాడు. నేను మా ఆవిడ వైపు ఒకసారి చూశాను.

"నా వైపు అలగ సూస్తావేటి?" అని ఆవిడ విరుచుకుపడింది. "ఎలకలకి ఎట్టేను. ఎలకే కొరికింది. పిల్లి బిల్లలు తింతాదేటి?"

"ఏటి తింతాదో నాకేటి తెల్సు సెల్లెమ్మగారూ" అన్నాడు ఆయన. ఇంకో మాట కూడా అన్నాడు. కూతురి వైపు తిరిగి, "బట్టలు సద్దుకోమ్మా. పిల్లికి పెట్టినోళ్లు మనిసికి పెట్టరని నమ్మకమేటి?" అన్నాడు.

అప్పటిదాకా గుమ్మం పట్టుకుని నిలబడిన మా కోడలు ముందుకొచ్చింది. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్ల, కోపం వస్తే దానికి తెలుగు సరిపోదు. "నాన్నా, ఈ ఇంట్లో వంట ఎవరు చేస్తారు? మై కర్తీ హూ. హవల్దారుకి రోజూ అన్నం పెట్టేది ఎవరు? నేను. తో ఫిర్ జహర్ నేనే పెట్టానా? బోలియే."

ఆయన కూతురి ముఖంలోకి చూశాడు. గేటు దగ్గర నన్ను చూసిన చూపే. కూతుర్ని కూడా అలా చూశాడు. ఆ పిల్ల చూపు దించుకోలేదు. లోపలికి వెళ్లి తలుపు వేసుకుంది. పెళ్లయి మా ఇంటికి వచ్చాక దానికి ఏడుపొచ్చిన మొదటి రోజు అది. ఏడిపించింది నేను కాదు, మా ఆవిడ కాదు.

నేను చొక్కా వేసుకున్నాను. "పద, దుర్గులో పసువుల ఆసుపత్రికి. ఏ విసమో డాక్టరు నా ముందు సెప్పాలి. మా ఇంటిదని తేలితే నీ కూతుర్ని నువ్వు తీసుకెల్లిపో. తేలకపోతే ఆ పిల్ల ముందు నిలబడి నువ్వే మాట్లాడుకో" అన్నాను. ఎలకల బిళ్ల కాగితంలో చుట్టి నా జేబులోనే పెట్టుకున్నాను, ఆయన్ని ముట్టుకోనివ్వలేదు. దారిలో మారిస్తే? అనుమానం ఆయనకొక్కడికేనా?

కూరగాయల బుట్టలో హవల్దారుని పెట్టి, పైన తువ్వాలు కప్పి, ఆటోలో వెళ్లాం. బుట్ట మా ఇద్దరి మధ్య. ఆయన అటు చూస్తాడు, నేను ఇటు చూస్తాను. పిల్లి ఊపిరి మాత్రం ఇద్దరికీ వినబడుతోంది.

డాక్టరు కుర్రవాడే. బిళ్ల చూశాడు. ఇది తింటే రక్తం కారుతుంది, అదీ కొన్ని రోజులకి, ఇలా కాదు అన్నాడు. హవల్దారు నోరు తెరిచి చూపించాడు. చిగుళ్లు ఎర్రగా ఉండాల్సినవి మట్టి రంగులో ఉన్నాయి. "క్యా ఖిలాయా?" ఏం తినిపించారు అన్నాడు.

మా వియ్యంకుడు గేటు దగ్గర రిపోర్టు ఇచ్చినట్టు మొదలుపెట్టాడు. ఫినాయిల్ చూశాను, కలరా ఉండలు చూశాను, కిరసనాయిలు చూశాను. డాక్టరు తలూపుతూ విన్నాడు. అవన్నీ పిల్లికి చెడ్డవే, తడి నేల మీద నడిచి కాళ్లు నాక్కున్నా ఫినాయిల్ లోపలికి పోతుంది, జాగ్రత్తగా ఉండండి అన్నాడు. తర్వాత అడిగాడు.

"దవాయి ఏమైనా ఇచ్చారా?"

"ఇచ్చాను సాబ్" అన్నాడు ఆయన, కొంచెం గర్వంగానే. "పొద్దున ఒళ్లు కాలుతుంటే బుఖార్ గోలీ పాలల్లో కలిపి తాగించాను. తగ్గకపోతే మళ్లీ ఇంకొకటి. బజారుది కాదు. మా ప్లాంటు ఆసుపత్రిది. అసలు మందు."

ప్లాంటు వాళ్ల ఇళ్లన్నింట్లో ఉంటుంది ఆ జ్వరం బిళ్లల డబ్బా. డిస్పెన్సరీకి వెళ్లినప్పుడల్లా తెచ్చిన గోళీలు, వాడగా మిగిలినవి, బిస్కెట్ డబ్బాలో. తలనొప్పికి అదే, ఒళ్లునొప్పులకి అదే, పక్కింటివాళ్లు అడిగినా అదే. మనకది మందని కూడా అనిపించదు, ఉప్పులా ఇంట్లో ఉండే వస్తువు. పాలవాణ్ణి, పచారీవాణ్ణి, పెళ్లాన్ని, కూతుర్ని అనుమానించినవాడు ఆ డబ్బా ఒక్కటే ఎప్పుడూ అనుమానించలేదు.

డాక్టరు కళ్లజోడు తీశాడు. మనిషికి మందు, పిల్లికి విషం అది, దాని ఒంటికి దాన్ని విరగ్గొట్టే శక్తి లేదు, రక్తం రంగే మారిపోతుంది అని మెల్లగా చెప్పాడు. ఒకటే ఎక్కువ, మీరు రెండోది కూడా ఇచ్చారు అన్నాడు. సూది వేశాడు. చూద్దాం అన్నాడు. ఆ చూద్దాం ఎలాంటిదో అడక్కుండానే మాకు తెలిసింది.

తిరిగి వస్తుంటే పవర్ హౌస్ రాకముందే బుట్టలో ఊపిరి ఆగింది. ఆయన తువ్వాలు తియ్యలేదు. నేనూ తియ్యలేదు. ఇంటికి వచ్చాక వాళ్ల పెరట్లో గోడవార గొయ్యి తవ్వాడు. నన్ను గునపం పట్టనివ్వలేదు.

మర్నాడు పొద్దున మా ముందు గుమ్మం దగ్గర ఎవరో నిలబడ్డారని మా ఆవిడ చెప్పింది. వెళ్లాను. మా వియ్యంకుడు. నేల మీద ఆయన పాదాల దగ్గర బిస్కెట్ డబ్బా, మూత తీసి ఉంది. ఒక్క గోళీ లేదు లోపల. ఆయన రెండు చేతులూ పైకెత్తి నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్లు చూస్తున్నారు. పావురాల భయ్యా కూడా చూస్తున్నాడు.

"ఇదేటి?" అన్నాను.

"చెక్ సెయ్యి బావా" అన్నాడు.

గారు లేదు.

వేరేవాడైతే అయ్యో అని చేతులు దించేవాడు. నేను దించలేదు. తడిమాను. చొక్కా జేబు, లాగు జేబులు, నడుం చుట్టూ, ఆయన నన్ను తడిమినంత వరసగా. బీడీ కట్ట, అగ్గిపెట్టె, ఇంటి తాళం. వంగి డబ్బా కూడా ఎత్తి వాసన చూశాను. అప్పుడు పక్కకి జరిగి "చల్, ఆగే" అన్నాను.

లోపలికి వచ్చాడు. వంటింటి గుమ్మంలో ఆగాడు. మా కోడలు అటు తిరిగి పొయ్యి దగ్గరే ఉంది, ఇటు తిరగలేదు. ఆయన నేల మీద చతికిలబడి "ఆకలేస్తన్నాది. అన్నం ఎట్టమ్మా" అన్నాడు.

ఆ పిల్ల పెట్టింది. పప్పు వేసింది. మేమంతా ఆయన చేతి వైపే చూస్తున్నాం. ముద్ద కలిపాడు. ఎత్తాడు. ముక్కు దగ్గర ఆపలేదు. తిన్నగా నోట్లో పెట్టుకున్నాడు. రెండో ముద్దా అంతే. మా కోడలు గరిటె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. తర్వాత "ఔర్ దూ, నాన్నా?" అంది.

"ఎయ్యి" అన్నాడు.

ఆయన క్షమించమనడం నేను విన్నది ఆ ఒక్క మాటలోనే. ఆ తర్వాత మా ఇంట్లో ఆ పిల్ల చేతి వంటని ఆయన ఎప్పుడూ వాసన చూడలేదు. మిగతా లోకం మీద అనుమానం మాత్రం వదల్లేదు, వదిలేస్తే ఆయన ఆయనెందుకవుతాడు.

ఆ తర్వాత సందులో పిల్లి ఉన్న ప్రతి ఇంటికీ వెళ్లేవాడు. పిలవకపోయినా వెళ్లేవాడు. బుఖార్ గోలీ పిల్లికి పెట్టొద్దు, నేల మీద ఫినాయిల్ పోస్తే ఆరేదాకా దాన్ని బయట ఉంచు, ఉల్లిపాయ కూర కలిపి అన్నం పెట్టకు, కలరా ఉండతో ఆడనివ్వకు. కొందరు ముసలాడికి పిచ్చెక్కిందనుకున్నారు. ఒకామె ఎదురుగానే నవ్వింది. "నవ్వమ్మా. నాను నా సేత్తోనే సంపీసుకున్నాను. నువ్వు నవ్వుకుంటే నాకేటి, డబ్బా మాత్రం పైన ఎట్టు" అన్నాడు. ఆమె నవ్వు ఆపింది.

కొన్నాళ్లకి మా కోడలే ఒక ఆడపిల్లిని, బూడిదరంగు కూనని తెచ్చి తండ్రి ఒళ్లో వేసింది. "నాకొద్దు" అన్నాడు. "నాను పెంచితే బతకదు" అన్నాడు. ఆ పిల్ల వినలేదు. ఆయన దానికి పేరు పెట్టలేదు. కానీ ఆ ఇంట్లో నేల మామూలు నీళ్లతోనే తుడిచేవాడు. తుడిచి, ఆరేదాకా కూనని ఒళ్లో పట్టుకుని, ఆ ఇనుప కుర్చీలో కూర్చునేవాడు. మామూలు నీళ్లకి కూడా ఎందుకు ఆగుతావని అడిగితే "బకెట్టులో ఎవులేటి కలిపేరో" అనేవాడు. బకెట్టు నింపింది ఆయనే.

ఆయన్ని తీసుకెళ్లిన రోజు సాయంత్రం మేము శ్మశానం నుంచి వచ్చేసరికి ఇల్లు కడగడానికి ఆడవాళ్లు తయారయ్యారు. క్యాంప్ వన్ బస్తీ నుంచి వచ్చిన ఆయన చెల్లెలు చేతిలో నల్ల ఫినాయిల్ సీసా ఉంది.

"సీసా ఇలగియ్యి" అన్నాను.

"అదేటన్నయ్యా, సావింటికి పినాయిలు ఎయ్యకపోతే ఎలగ? నలుగురూ ఏటనుకుంతారు?"

"నలుగురూ కాలు నాక్కోరు. ఇలగియ్యి."

ఇచ్చింది, గొణుక్కుంటూ. మా కోడలు తలెత్తి నా వైపు చూసి, కుళాయి నీళ్లు పట్టిన బకెట్టు తెచ్చి నా ముందు పెట్టింది. నేను వంగి ఆ నీళ్ల వాసన చూశాను. తర్వాత తలూపాను. ఆ పిల్ల వరండా అంతా కడిగింది.

నేల ఇంకా తడిగానే ఉంది. అప్పటిదాకా ఎక్కడ దాక్కుందో ఆ బూడిదరంగు పిల్లి గోడ దిగి వచ్చింది. ఒక్కొక్క కాలూ ఎత్తి ఎత్తి వేస్తూ తడి నేల మీద నడిచి, ఖాళీ కుర్చీ ఎక్కింది. అక్కడ కూర్చుని ముందు కాలు ఎత్తి నాకడం మొదలుపెట్టింది. నేను గుమ్మంలోనే నిలబడి చూశాను. అది ఒక కాలు అయ్యాక ఇంకొకటి, తీరిగ్గా, వేళ్ల సందులు కూడా వదలకుండా నాక్కుంది. చివరి కాలు కూడా అయ్యేదాకా నేను అక్కడినుంచి కదల్లేదు.